సందేహించిన కుర్రవాడు: అదోనీరామ్ జడ్సన్ గారి జీవితం



మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఒక అలవాటు మాత్రం మానుకోలేదు. ఈస్టర్ నాడు తెల్లవారకముందే పూలూ కొవ్వొత్తులూ పట్టుకొని సమాధుల తోటకు వెళ్తాం. మన పెద్దల సమాధులు శుభ్రం చేసి, పాటలు పాడి, ప్రభువు లేచాడని ఒకరికొకరం చెప్పుకుంటాం. కొన్నేళ్ళ క్రితం అలాంటి ఒక తెల్లవారుజామున మా సండే స్కూలు పిల్లవాడు ఒకడు వాళ్ళ నాయనమ్మ సమాధి దగ్గర నా పక్కన నిలబడ్డాడు. వాడికి పదమూడేళ్ళు. తాతగారూ అని పిలిచి, యేసు ప్రభువు నిజంగా లేచాడని మనకెలా తెలుసని అడిగాడు. నాయనమ్మ కూడా నిజంగా లేస్తుందా అని అడిగాడు.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాణ్ణి. పిల్లవాడు ప్రశ్న అడిగితే సంతోషించాలని అక్కడ నేర్చుకున్నవాణ్ణి. బడిలో ఎందరో పిల్లల ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పినవాణ్ణి. అయినా ఆ రోజు, పండుగపూట సమాధి దగ్గర అలాంటి మాటలేమిటని వాణ్ణి కసిరాను. వాడు తలవంచుకున్నాడు. ఆ తరువాత నన్ను మరే ప్రశ్నా అడగలేదు. ఆ మౌనాన్ని నేను భక్తి అనుకున్నాను. పై చదువులకు వెళ్ళిన ఊళ్ళో వాడు మందిరానికి వెళ్ళడం మానేశాడని తెలిసిన రోజున నా పొరపాటు నాకు అర్థమైంది.

అప్పటినుండి నాకు తరచుగా గుర్తుకొచ్చే మనిషి అదోనీరామ్ జడ్సన్ గారు. బర్మా దేశానికి సువార్త తీసుకువెళ్ళి, బైబిలును బర్మా భాషలోకి అనువదించిన మహనీయుడిగా ఆయన మనకు తెలుసు. అయితే ఇరవై ఏళ్ళ వయసులో ఆయన యేసు ప్రభువును నమ్మలేదన్న సంగతి మన పిల్లలకు మనం చెప్పం. ఈ ఈస్టరుకు అది చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

పాదిరిగారి పెద్దకొడుకు

అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో మాల్డెన్ అనే ఊళ్ళో 1788 ఆగస్టు 9న అదోనీరామ్ జన్మించాడు. తండ్రి కాంగ్రిగేషనల్ సంఘానికి కాపరి. ఆయన పేరు కూడా అదోనీరామే. తల్లి పేరు అబిగయీలు. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు తండ్రి ఏదో పనిమీద ఊరికి వెళ్తే, ఆయన తిరిగి వచ్చేలోగా తల్లి వాడికి చదవడం నేర్పింది. తండ్రి ఇంటికి వచ్చేసరికి కొడుకు బైబిలులో ఒక అధ్యాయం చదివి వినిపించాడు. ఆ తండ్రి సంతోషం ఎలాంటిదో మనం ఊహించుకోవచ్చు. నువ్వు గొప్పవాడివి అవుతావని ఆయన కొడుకుతో అంటూ ఉండేవాడు. పిల్లవాడు కూడా లెక్కలూ చిక్కు ప్రశ్నలూ విప్పడంలో ముందుండేవాడు. ఏ సంగతినైనా తనంతట తాను తేల్చుకుంటేగాని ఊరుకోని బుద్ధి అది.

పద్నాలుగో ఏట అతనికి పెద్ద జబ్బు చేసింది. కోలుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. మంచంమీద పడుకొని, పెద్దయ్యాక ఏమవ్వాలని ఆలోచించేవాడు. గొప్ప వక్త కావాలా, కవి కావాలా, రాజ్యాలు నడిపేవాడు కావాలా అని లెక్కలు వేసుకునేవాడు. పోనీ, పేరున్న బోధకుడు అవుదామా అనుకున్నాడు. ఇంతలో ఒక ఆలోచన అతణ్ణి కలవరపెట్టింది. ఎవరికీ తెలియని చిన్న పల్లెలో ప్రభువుకోసమే పనిచేసే కాపరి దేవుని యెదుట పేరుపొందిన బోధకుడికంటే గొప్పవాడేమో, మహిమ మనకు కాదు దేవునికే చెందాలేమో అనిపించింది. తాను కోరుకొనేది దేవుణ్ణి కాదు, తన పేరునే అని ఆ పిల్లవాడికి తోచింది. ఆ ఆలోచన నచ్చక దాన్ని పక్కకు నెట్టేశాడు. పద్నాలుగేళ్ళ పిల్లల మనసులో ఇంత లోతైన ఆలోచనలు నడుస్తాయని పెద్దలం మనం తరచుగా మరచిపోతాం.

కళాశాలలో కొత్త స్నేహం

1804లో, పదహారేళ్ళ వయసులో, ప్రావిడెన్స్ పట్టణంలోని కళాశాలలో చేరాడు. ఈనాటి బ్రౌన్ విశ్వవిద్యాలయం అదే. 1764లో దాన్ని స్థాపించింది బాప్టిస్టులే. అక్కడ తనకంటే ఒక తరగతి పైన చదువుతున్న జేకబ్ ఈమ్స్ అనే యువకుడితో స్నేహం కుదిరింది. ఈమ్స్ తెలివైనవాడు, సరదా మనిషి, మాటకారి. అయితే బైబిలును నమ్మేవాడు కాదు. దేవుడున్నాడు గాని లోకాన్ని సృష్టించి దాని మానాన దాన్ని వదిలేశాడనీ, అద్భుతాలూ పునరుత్థానమూ జరగలేదనీ, యేసు దేవుని కుమారుడు కాడనీ చెప్పే డీయిజం అనే వాదం ఆ రోజుల్లో చదువుకున్న యువకుల మధ్య బాగా ప్రబలింది. ఈమ్స్ ఆ వాదం పట్టినవాడు. కొద్దికాలానికే అదోనీరామ్ కూడా ఆ వాదంలోకి వెళ్ళిపోయాడు.

1807లో తరగతి మొత్తంలో ప్రథముడిగా పట్టం పుచ్చుకొని, తల్లిదండ్రులు ఉంటున్న ప్లిమత్ ఊరికి వచ్చి సొంతంగా ఒక బడి పెట్టాడు. పిల్లల కోసం ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి, ఆడపిల్లల కోసం లెక్కల పుస్తకం ఒకటి రాశాడు. పంతొమ్మిదేళ్ళ ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకాలు రాయడం, మా వృత్తివాళ్ళకు తెలుసు, సామాన్యమైన విషయం కాదు.

ఆ ఏడాదిపాటు అతడు తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. కుటుంబ ప్రార్థనలో మోకరించాడు. ఆదివారం తండ్రి ప్రసంగం విన్నాడు. లోపల మాత్రం ఏమీ నమ్మడంలేదు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. సహోదరులారా, ఈ భాగం చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. మన బల్లల మీద కూర్చొని మనతోపాటు పాటలు పాడే పిల్లల్లో ఎందరు ఇలా ఉన్నారో మనకు తెలుసా?

ఇంట్లో చెప్పిన రోజు

1808 ఆగస్టు నాటికి అతనికి ఇరవై ఏళ్ళు నిండాయి. బడి మూసేసి న్యూయార్కు వెళ్తానన్నాడు. నాటకాలకు సంబంధించిన జీవితం చూడాలని అతని కోరిక. తల్లిదండ్రులు సెమినరీలో చేరమని అడిగారు. అప్పుడు దాచిపెట్టిన సంగతి బయటపెట్టాడు. తాను బైబిలును నమ్మడంలేదనీ, యేసు దేవుని కుమారుడని ఒప్పుకోవడంలేదనీ చెప్పేశాడు.

తండ్రి కఠినుడు, చదువుకున్నవాడు. కొడుకుతో వాదనకు దిగాడు. ఆయన వేసిన ప్రతి వాదాన్నీ కొడుకు తిప్పికొట్టాడు. వాదనలో గెలవడం ఆ యువకుడికి తేలిక. అయితే తల్లి వాదించలేదు. ఏడ్చింది, ప్రార్థించింది. ఆమె ఏ గదిలో ఉంటే ఆ గదిలోనుండి ఆమె ఏడుపూ ప్రార్థనా అతనికి వినిపించేవి. తండ్రి తర్కాన్ని తిప్పికొట్టినవాడు తల్లి కన్నీళ్ళకు జవాబు చెప్పలేకపోయాడు. అయినా ఆగలేదు, బయలుదేరి వెళ్ళిపోయాడు. వెళ్తున్న కొడుకుకు తండ్రి గుర్రాన్ని ఇచ్చాడు. ఇంటికి తిరిగి రావడానికి దారి మూసేయలేదన్నమాట.

న్యూయార్కులో అతడు అనుకున్నట్టు ఏదీ జరగలేదు. ఒక నాటక బృందంతో కలిసి తిరిగాడు. సత్రాల్లో దిగి, అవకాశం దొరికితే డబ్బివ్వకుండా జారుకునే బృందం అది. కొద్ది వారాలకే ఆ జీవితంమీద అసహ్యం పుట్టి, గుర్రమెక్కి ఒంటరిగా తిరుగు ప్రయాణం మొదలుపెట్టాడు. దారిలో షెఫీల్డ్ అనే ఊళ్ళో పెదనాన్నగారి ఇంటికి వెళ్తే ఆయన ఊళ్ళో లేరు. ఆయన స్థానంలో ఒక యువ బోధకుడు ఉన్నాడు. ఆ బోధకుడు ఇతనితో వాదం పెట్టుకోలేదు, గద్దించలేదు. ఎంతో మృదువుగా, భక్తిగా మాట్లాడాడు. ఆ మాటలు అదోనీరామ్ మనసులో నిలిచిపోయాయి.

సత్రంలో ఒక రాత్రి

మరునాటి రాత్రి జరిగిన సంగతిని జడ్సన్ గారి కుటుంబంవారు చెప్పగా ఆయన జీవితచరిత్రలు రాసినవారు నమోదు చేశారు.

ఒక పల్లెటూరి సత్రంలో బస అడిగాడు. సత్రం యజమాని నొచ్చుకుంటూ, ఖాళీగా ఉన్నది ఒకే గది అనీ, దాని పక్క గదిలో ఒక యువకుడు చావుబతుకుల్లో ఉన్నాడనీ చెప్పాడు. ఫరవాలేదని అదోనీరామ్ పడుకున్నాడు గాని నిద్ర పట్టలేదు. పలచని గోడకు అవతల మూలుగులు, అటూ ఇటూ నడిచే అడుగుల చప్పుడు, గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ మనిషి చావుకు సిద్ధంగా ఉన్నాడా అని ఆలోచించాడు. తానైతే సిద్ధంగా ఉన్నాడా అని తనను తాను అడుగుకున్నాడు. వెంటనే సిగ్గుపడ్డాడు. ఇలాంటి బలహీనపు ఆలోచనలు తెలిస్తే ఈమ్స్ ఎంత నవ్వుతాడో అనుకున్నాడు.

తెల్లవారింది. ఎండలో రాత్రి భయం కరిగిపోయింది. బయలుదేరుతూ యజమానిని పక్క గది మనిషి గురించి అడిగాడు. చనిపోయాడని అతడు చెప్పాడు. ఎవరని అడిగితే, ప్రావిడెన్స్ కళాశాలలో చదివిన యువకుడనీ, పేరు ఈమ్స్ అనీ, జేకబ్ ఈమ్స్ అనీ చెప్పాడు.

ఆ తరువాత కొన్ని గంటలు ఎలా గడిచాయో అతనికే తెలియలేదు. గుర్రంమీద వెళ్తుంటే చనిపోయాడు, తప్పిపోయాడు అన్న రెండు మాటలే చెవుల్లో మోగాయి. మరణం దగ్గర తాను నమ్ముకొన్న వాదం దగ్గర చెప్పడానికి ఏ మాటా లేదని అతనికి తోచింది. ముందు వేరే దారిన పోదామనుకున్నవాడు గుర్రాన్ని ప్లిమత్‌కు తిప్పాడు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆ రాత్రితోనే అతడు విశ్వాసి అయిపోలేదు. సందేహం ఇంకా ఉంది. భయం మాత్రం పట్టుకుంది. భయం వేరు, విశ్వాసం వేరు. పిల్లల్ని నరకం పేరుతో బెదిరించి చేతులెత్తించే మన అలవాటుకు ఈ కథను ఆధారంగా వాడుకోవద్దని నా మనవి.

తలుపు తీసిన సెమినరీ

అప్పటికి ఆండోవర్‌లో కొత్తగా ఒక వేదాంత సెమినరీ మొదలైంది. అక్కడ చేరాలంటే సంఘ సభ్యుడై, తన విశ్వాసాన్ని ఒప్పుకొన్నవాడై ఉండాలి. అదోనీరామ్ ఆ రెండూ కాడు. నమ్ముతున్నానని అబద్ధం చెప్పి చేరడానికి అతడు ఇష్టపడలేదు. అయినా అక్కడి పెద్దలు అతణ్ణి ప్రత్యేక విద్యార్థిగా 1808 అక్టోబరులో చేర్చుకున్నారు. నమ్మినవాడిగా కాదు, సత్యం వెతుకుతున్నవాడిగా చేర్చుకున్నారు.

నా దృష్టిలో ఆయన జీవితంలో సత్రం రాత్రికంటే ఇదే ముఖ్యమైన ఘట్టం. ఆ పెద్దలు నియమం చూపించి పొమ్మని ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. వాళ్ళు గ్రీకు, హెబ్రీ భాషలు నేర్పి, లేఖనాలు అతని చేతికిచ్చి, తొందరపెట్టకుండా ఊరుకున్నారు. చిన్నప్పుడు చిక్కు ప్రశ్నలు విప్పిన ఆ బుద్ధి ఇప్పుడు సువార్తలను పరిశీలించింది. కొద్ది వారాల్లో సందేహాలు ఒక్కొక్కటే తొలగిపోసాగాయి. 1808 డిసెంబరు 2న తన జీవితాన్ని దేవునికి అప్పగించుకున్నాడు. ఆ రోజును జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు. 1809 మేలో ప్లిమత్‌లో తండ్రి సంఘంలోనే చేరాడు. బలవంతం చేయకుండా ఇచ్చిన కొద్దినెలల సమయం ఒక దేశానికి సువార్తికుణ్ణి ఇచ్చింది.

సముద్రం మీద మరో ప్రశ్న

1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్టైన్ గారిని వివాహం చేసుకున్నారు. ఆమెను ఇంట్లో నాన్సీ అని పిలిచేవారు. రెండు వారాలకే భార్యాభర్తలు ఇండియాకు ఓడ ఎక్కారు. కలకత్తాలో బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ గారిని కలుసుకోవలసి ఉంటుంది గనుక, బాప్తిస్మం విషయం ముందుగా తేల్చుకోవాలని ఓడమీదే గ్రీకు నిబంధన తీసి చదవసాగారు. తాను పెరిగిన సంఘంవారు పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మానికి లేఖనాల్లో ఆధారం లేదని ఆయనకు తోచింది. తనను పంపిన సంఘంవారు ఇకపై తనను పోషించరని తెలిసి కూడా వెనుదీయలేదు. 1812 సెప్టెంబరు 6న కలకత్తాలో భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం పొందారు. విలియం వార్డ్ గారు బాప్తిస్మమిచ్చారు.

వారిని ఆదుకోవడానికి 1814లో ఫిలడెల్ఫియాలో అమెరికా బాప్టిస్టులు సమావేశమై ఒక మిషన్ సంస్థ ఏర్పాటు చేశారు. ఆ సంస్థే తరువాత శామ్యూల్ డే దొరగారిని తెలుగువారి దగ్గరకు పంపింది. ఆయన 1836లో విశాఖపట్నం చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. కాబట్టి మన సంఘాల పుట్టుకకు మూలాలు వెతికితే, ఓడమీద ఒక ప్రశ్నను దాటవేయకుండా లేఖనాలు వెతికిన జడ్సన్ గారి దగ్గరకు చేరుకుంటాం.

ఈస్టిండియా కంపెనీవారు ఇండియాలో ఉండనివ్వకపోవడంతో మారిషస్ వెళ్ళి, అక్కడినుండి మద్రాసు వచ్చి, 1813 జూలై 13న రంగూన్ చేరారు. మన తీరానికి మరోసారి కూడా వచ్చారు. 1818లో ఆయన చిట్టగాంగ్ వెళ్ళాలని ఎక్కిన ఓడ గాలులకు దారితప్పి, నీళ్ళూ తిండీ కరవై, చివరికి మన మచిలీపట్నం చేరింది. అక్కడినుండి జబ్బుమనిషిగా పల్లకీలో మద్రాసు దాకా వెళ్ళి, ఓడకోసం నెలల తరబడి కాచుకొని రంగూన్ చేరారు. తరువాత కాలంలో యానాం పక్కనున్న కోరంగి రేవునుండి, విశాఖ తీరంనుండి మనవాళ్ళు కూలికి వెళ్ళిన రంగూన్ కూడా అదే. అక్కడి తెలుగువారిలోనూ బాప్టిస్టు సంఘాలు ఏర్పడ్డాయి.

సందేహించే పండితుడు

బర్మాలో మొదటి విశ్వాసి మౌంగ్ నౌ అనే పేదవాడు. 1819 జూన్ 27న బాప్తిస్మం పొందాడు. రంగూన్ చేరిన తరువాత అప్పటికి దాదాపు ఆరేళ్ళు గడిచాయి. అంతవరకు జడ్సన్ గారు బర్మా భాష నేర్చుకోవడంలోనే ఎక్కువ కాలం గడిపారు. వాళ్ళ మాటల్లో వాళ్ళ ప్రశ్నలు వినగలిగేదాకా బోధించడానికి తొందరపడలేదు.

1819లో దారిపక్కన జయాత్ ఒకటి కట్టించారు. బర్మావాళ్ళ జయాత్ మన ఊళ్ళ సత్రం లాంటిది. బాటసారులు కూర్చుంటారు, అలసట తీర్చుకుంటారు, మాట్లాడుకుంటారు. అక్కడికి మౌంగ్ ష్వే న్గాంగ్ అనే పండితుడు రాసాగాడు. ఊళ్ళో పేరున్న గురువు. అందరూ నమ్మేదాన్ని తానూ నమ్మక, జ్ఞానమొక్కటే శాశ్వతమని చెబుతూ శిష్యులను చుట్టూ చేర్చుకొన్నవాడు. ఆయన వాదాలు వింటుంటే జడ్సన్ గారికి తన కళాశాల రోజులు గుర్తుకొచ్చి ఉండాలి. ఈమ్స్ దగ్గర తాను నేర్చుకొన్న వాదాలకు ఇవి దగ్గరగా ఉన్నాయి.

జడ్సన్ గారు ఆయన్ను గద్దించలేదు. గంటల తరబడి కూర్చొని విన్నారు, జవాబు చెప్పారు. ష్వే న్గాంగ్ ముందు ఒక్క దేవుడున్నాడని ఒప్పుకున్నాడు. దేవుని కుమారుడు సిలువమీద చనిపోవడమేమిటన్న దగ్గర ఆగిపోయాడు. వెళ్ళిపోయేవాడు, మళ్ళీ వచ్చేవాడు. అధికారులకు ఫిర్యాదు వెళ్ళినప్పుడు భయపడి కొంతకాలం రాలేదు. అతడు ఎంత పెద్ద పండితుడైనా, ఎంతమంది శిష్యులున్నా, నిజంగా నమ్మేదాకా జడ్సన్ గారు బాప్తిస్మం ఇవ్వలేదు. రాకుండాపోయినందుకు వదిలిపెట్టనూ లేదు. ఏడాదికి పైగా ఇలా గడిచింది. 1820 జూలై 18న ఆయనే బాప్తిస్మం అడిగి తీసుకున్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మా మెన్ లా అనే స్త్రీ కూడా అదే రోజు బాప్తిస్మం పొందింది. ఆమెతో బర్మా విశ్వాసులు పదిమంది అయ్యారు.

ఆండోవర్ పెద్దలు ఒకప్పుడు తనకు ఇచ్చిన సమయాన్నే ఆయన ష్వే న్గాంగ్‌కు ఇచ్చారు.

తవ్విన గొయ్యి పక్కన

విశ్వాసం వచ్చాక ఇక సందేహమే రాదని మనం పిల్లలకు చెబుతాం. జడ్సన్ గారి జీవితం అలా చెప్పదు.

1824లో ఇంగ్లీషువారికీ బర్మా రాజుకూ యుద్ధం వచ్చింది. తెల్లవాళ్ళందరూ గూఢచారులేనని అనుమానించి జూన్ 8న జడ్సన్ గారిని అవా నగరంలో చెరసాలలో వేశారు. సంకెళ్ళు వేసి, రాత్రిళ్ళు కాళ్ళు వెదురు బొంగుకు తగిలించి పైకెత్తేవారు. ఏడాదిన్నరకు పైగా ఆ బాధలు పడ్డారు. గర్భవతిగా ఉన్న నాన్సీ గారు అధికారుల చుట్టూ తిరిగి, జైలుకు అన్నం మోశారు. క్రొత్త నిబంధన రాతప్రతిని గట్టి దిండులో కుట్టి భర్తకు ఇచ్చారు. ఖైదీలను వేరేచోటికి తరలించినప్పుడు కాపలావాళ్ళు పారేసిన ఆ దిండును ఒక శిష్యుడు గురుతుగా ఇంటికి తీసుకుపోయాడు. లోపల రాతప్రతి చెక్కుచెదరకుండా ఉంది.

విడుదలయ్యాక కష్టాలు తీరాయనుకున్నారు. 1826 అక్టోబరు 24న, భర్త దూరంగా ఉన్న సమయంలో, ఆమ్‌హర్స్ట్‌లో నాన్సీ గారు జ్వరంతో చనిపోయారు. 1827లో ఈస్టర్ ఏప్రిల్ 15న వచ్చింది. ఆ తరువాత తొమ్మిదో రోజున, ఏప్రిల్ 24న, రెండేళ్ళ పాప మరియ కూడా చనిపోయింది. తల్లి పక్కనే పాతిపెట్టారు. మొదటి కొడుకు రోజర్ 1816లోనే ఎనిమిది నెలల పసివాడిగా పోయాడు.

జడ్సన్ గారి మనసు విరిగిపోయింది. 1828లో, నాన్సీ గారు చనిపోయిన తేదీననే, మౌల్మీన్ పక్క అడవిలో గుడిసె వేసుకొని ఒంటరిగా ఉండసాగారు. ఒక గొయ్యి తవ్వి దాని పక్కన కూర్చొని చావు గురించి ధ్యానించేవారు. దేవుడు తనకు తెలియనివాడుగా ఉన్నాడనీ, ఆయనను నమ్ముతున్నాను గాని కనుగొనలేకపోతున్నాననీ ఉత్తరంలో రాసుకున్నారు. బర్మా దేశానికి అపొస్తలుడని పేరుపొందిన మనిషి స్థితి అది.

సంఘంవారు ఆయన్ను తప్పుపట్టలేదు, వెలివేయలేదు. ఆయనకోసం కాచుకున్నారు. ఇంతలో తమ్ముడు ఎల్నాతాన్ 1829లో చనిపోయాడని ఇంటినుండి కబురు వచ్చింది. 1812లో విడిపోయేటప్పుడు తమ్ముడికి విశ్వాసం లేదు. దారిలో గుర్రాలు దిగి, మంచులో మోకరించి, అన్న అతనికోసం ప్రార్థించి వెళ్ళాడు. ఆ తమ్ముడు విశ్వాసంతో కన్నుమూశాడని నమ్మడానికి ఆధారం దొరికింది. పదిహేడేళ్ళ ఎదురుచూపుకు జవాబు వచ్చింది. మెల్లమెల్లగా వెలుగు తిరిగి వచ్చింది. ఆయన అడవి గ్రామాల్లోకి, కరెన్ ప్రజల మధ్యకు సువార్తతో వెళ్ళారు. 1834 జనవరి 31న బర్మా బైబిలు అనువాదం ముగించారు. ఈనాటికీ బర్మావారు ఆ బైబిలును చదువుతున్నారు.

సమాధి లేని మనిషి

1834లో శేరా బోర్డ్‌మన్ గారిని, ఆమె 1845లో చనిపోయాక 1846లో ఎమిలీ చబ్బక్ గారిని వివాహం చేసుకున్నారు. 1850లో జబ్బు ముదిరింది. సముద్రపు గాలి మేలుచేస్తుందని, ఆ సంవత్సరపు ఈస్టర్ దాటిన మూడో రోజున, ఏప్రిల్ 3న, ఆయన్ను ఒక ఫ్రెంచి ఓడ ఎక్కించారు. ఏప్రిల్ 12న ఓడమీదే కన్నుమూశారు. అదే సాయంత్రం దేహాన్ని సముద్రంలో దించారు. వయసు అరవై ఒకటి. మౌల్మీన్‌లో ఉన్న భార్యకు ఆ కబురు నాలుగు నెలలకు గాని అందలేదు.

ఒకనాడు తన గొయ్యి తానే తవ్వుకొని కూర్చొన్న మనిషికి చివరికి సమాధే లేదు. ఈస్టర్ తెల్లవారుజామున పూలు పెట్టడానికి ఆయన పేరుతో గుట్ట ఏదీ లేదు. సముద్రం తనలోని మృతులను అప్పగిస్తుందని చెప్పే ప్రకటన గ్రంథపు వాగ్దానమే ఆయనకు మిగిలింది.

మన పిల్లల కోసం

ఈ జీవితం చదివి నేను నేర్చుకున్న సంగతులు కొన్ని తల్లిదండ్రులకూ సండే స్కూలు ఉపాధ్యాయులకూ మనవి చేస్తాను.

మొదటిది, పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ముందు కృతజ్ఞత చెప్పండి. అడిగే పిల్లవాడు ఇంకా మన దగ్గరే ఉన్నాడు. లేఖనాలు కూడా సందేహాన్ని దాచలేదు. గలిలయ కొండమీద లేచిన ప్రభువుకు మ్రొక్కినవారిలో కొందరు సందేహించారని మత్తయి రాశాడు. నమ్మనన్న తోమాను తక్కిన శిష్యులు తరిమివేయలేదు. ఎనిమిది దినాల తరువాత ప్రభువు వచ్చినప్పుడు అతడు వాళ్ళతోనే ఉన్నాడు. అతణ్ణి బయటికి పంపి ఉంటే ఆ గాయాలు ఎక్కడ చూసేవాడు?

రెండవది, ఈస్టర్ వారంలో నాలుగు సువార్తల్లోని పునరుత్థాన వృత్తాంతాలనూ, మొదటి కొరింథీ పదిహేనో అధ్యాయాన్నీ పిల్లలతో కలిసి చదవండి. ఖాళీ సమాధిని మొదట చూసింది ఎవరు, లేచిన ప్రభువును ఎవరెవరు చూశారు, పారిపోయిన శిష్యులు ప్రాణాలకు తెగించి ఎలా నిలబడ్డారు అని వాళ్ళనే వెతకనివ్వండి. జవాబు తెలియని చోట మనకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడవద్దు.

మూడవది, మన పిల్లలు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో చదువుకుంటున్నారు, ఆలోచిస్తున్నారు. మందిరంలోని గ్రాంథిక తెలుగు చాలామందికి సగమే అర్థమవుతుంది. ఏ భాషలో ప్రశ్న పుడితే ఆ భాషలో అడగనివ్వండి. జడ్సన్ గారు పరాయి ప్రజల ప్రశ్నలు వినడానికి ఏళ్ళ తరబడి బర్మా నేర్చుకున్నారు. మన మనవళ్ళ కోసం మనం ఆ మాత్రం చేయలేమా?

నాలుగవది, బాప్తిస్మానికి తొందరపెట్టవద్దు. పక్కింటి పిల్లవాడు తీసుకున్నాడనీ, ఈస్టరుకు చుట్టాలందరూ వస్తారనీ పదమూడేళ్ళ పిల్లల్ని నీళ్ళలోకి దింపుతున్నాం. స్వంత విశ్వాసంతో తీసుకొనేదే బాప్తిస్మమని చెప్పే బాప్టిస్టులం మనం. జడ్సన్ గారు ఆ సత్యంకోసం తన పోషణను వదులుకున్నారు. ఒప్పుకోలు పిల్లల నోటివెంట వాళ్ళంతట వాళ్ళుగా వచ్చేదాకా మనం కాచుకోవాలి.

చివరిగా, సమాధి దగ్గర నేను కసిరిన ఆ కుర్రవాడికి ఈ మధ్య ఉత్తరం రాశాను. ఆ రోజు తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అతని ప్రశ్న మంచి ప్రశ్న అనీ, నాకు తెలిసినంత మట్టుకు జవాబు చెప్పడానికి, తెలియనిచోట అతనితో కలిసి వెతకడానికి సిద్ధంగా ఉన్నాననీ రాశాను. జవాబు ఇంకా రాలేదు. ఎల్నాతాన్ కోసం అన్న పదిహేడేళ్ళు కాచుకున్నాడని గుర్తుచేసుకొని నేనూ ప్రార్థిస్తున్నాను.

ఈ ఈస్టర్ తెల్లవారుజామున మీ పక్కన నిలబడిన పిల్లవాడు ఏదైనా అడిగితే, దయచేసి కొవ్వొత్తి పక్కన పెట్టి, వాడి మాట పూర్తిగా వినండి. ప్రభువు మీ అందరినీ దీవించును గాక. ఆమెన్.